నీ పేరు ఏ ఊళ్ళో రాయమంటావ్?

పోస్టు కొంచెం పొడుగు. డ్యూటీ దిగాక రాత్రుళ్ళు ఫోన్లోనే టైపు చేశాను, తప్పులుంటే పెద్దలు దిద్దండి.

పోయిన నెల నా ఫ్రెండ్ ఫోన్ చేసింది. ఆశ్రమ పాఠశాలలో మా ఇద్దరిదీ ఒకే బెంచీ, చలికాలం ఒకే దుప్పటి. డీఈడీ కూడా కలిసే చేశాం. 2025 డీఎస్సీలో తనకి పోస్టు వచ్చింది, నాకు కొద్ది మార్కుల్లో పోయింది. ఇప్పుడు మా మండలంలోనే టీచరు. 2027 జనాభా లెక్కల డ్యూటీ టీచర్లకి ఎలాగూ పడుతుంది కదా, అందుకని ముందే అడిగింది: "ఏటే, నీ పేరు మీ ఇంట్లో రాసీమంటావా, ఒగ్గీమంటావా?"

"రాసీ, ఏం పోయింది" అని నవ్వేశాను. ఫోన్ పెట్టేశాక నవ్వు రాలేదు.

ఎందుకంటే నేను మా ఇంట్లో ఉండట్లేదు. నాలుగేళ్ళుగా కూర్మన్నపాలెంలో ఉంటున్నాను. స్టీల్ ప్లాంట్ గేటుకి ఎదురు సందుల్లో, మేడ మీద వేసిన రేకుల గది. అందులో అన్న, వదిన, నాలుగేళ్ళ మేనల్లుడు, నేను. అన్న ఓ కంపెనీలో కాంట్రాక్టర్ కింద పని. నేను దువ్వాడ వైపు ఓ ప్యాకింగ్ యూనిట్లో షిఫ్టులు చేస్తూ మిగతా టైములో గ్రూప్-2కి చదువుతున్నాను. ఊరికి పండక్కి వెళ్తాను, ఓటుకి వెళ్తాను, ఎవరైనా పోతే వెళ్తాను. మరి నేను ఏ ఊరిదాన్ని?

కోచింగ్‌లో ఒకరోజు పట్టణీకరణ పాఠం చెప్పారు. పట్నాలు పెరగడానికి కారణాలు మూడు అని నోట్సు రాయించారు. పట్నంలో పుట్టేవాళ్ళు చనిపోయేవాళ్ళకంటే ఎక్కువ ఉండటం ఒకటి. పల్లె నుంచి వలస రావడం రెండు. పల్లెల్నే పట్నంలో కలిపేయడం మూడు. అందరం రాసుకున్నాం. ఇంటికొచ్చి గదిలో కూర్చుంటే ఒళ్ళు ఝల్లుమంది. ఆ మూడూ మా మెట్ల మీదే ఉన్నాయి. మేనల్లుడు గాజువాకలో పుట్టాడు, ఒకటో కారణం. మేము ముగ్గురం కొండ దిగి వచ్చాం, రెండోది. కింద ఉండే ఇంటి ఓనరు ఎక్కడికీ కదలకుండానే పట్నంవాడు అయిపోయాడు, మూడోది.

ఓనరు కథ ముందు చెప్తాను. ఆయన వయసు డెబ్భై పైన ఉంటుంది. ఆయన పుట్టిన ఊరు ఇప్పుడు లేదు, స్టీల్ ప్లాంట్ గోడ లోపల ఉంది. 1966లో విశాఖ ఉక్కు ఆంధ్రుల హక్కు అని రాష్ట్రమంతా ఉద్యమం లేచి 32 మంది ప్రాణాలు పోయాయని మనం పుస్తకాల్లో చదివాం. 1970 ఏప్రిల్‌లో ఇందిరాగాంధీ పార్లమెంటులో ప్రకటించారు, 1971 జనవరి 20న శంకుస్థాపన చేశారు. దానికోసం 64 ఊళ్ళు లేచిపోయాయి. ఆ ఊళ్ళవాళ్ళకి ఆర్ కార్డులు ఇచ్చారు, ఇంటికో ఉద్యోగం అన్నారు. కొందరికి వచ్చింది, రానివాళ్ళు చాలామందే. వడ్లపూడి, అగనంపూడి, పెదగంట్యాడ వైపు ఎవర్ని కదిపినా ఈ కార్డు మాట వస్తుంది. మా ఓనరు మాత్రం దాని గురించి మాట్లాడడు. తన ఊళ్ళో జీడితోట ఎక్కడ ఉండేదో, నుయ్యి ఎక్కడ ఉండేదో చెప్తాడు. ప్లాంట్ పొగగొట్టాల వైపు వేలు చూపించి "అదిగో, ఆ రెండో గొట్టం కాడ మా పెద్దమ్మ ఇల్లు" అంటాడు.

ఆయన ఈ కూర్మన్నపాలెం వచ్చి ఇల్లు కట్టుకున్నప్పుడు ఇది పాలెమే. పేరులోనే ఉంది కదా. 2005లో గాజువాక మున్సిపాలిటీనీ చుట్టుపక్కల ఊళ్ళనీ కలిపి మహా విశాఖ నగరపాలక సంస్థ చేశారు. 2013లో అటు భీమిలినీ ఇటు అనకాపల్లినీ కూడా అందులో కలిపారు. లెక్కల్లో చూస్తే పట్నం ఒక్కసారి పెద్దదైపోయింది. చాలామంది మాత్రం పడుకున్న మంచం కూడా కదపలేదు. 1901లో విశాఖపట్నం జనాభా 40 వేల చిల్లర. రేవు 1933లో తెరిచారు. 1951కి లక్ష దాటింది. షిప్‌యార్డు, రిఫైనరీ, ఎరువుల కంపెనీ, జింకు ఫ్యాక్టరీ, ఆఖర్న ఉక్కు ఫ్యాక్టరీ వచ్చాక 1991కి, చుట్టుపక్కలవి కలుపుకుని, 10 లక్షలు దాటింది. 2011లో 17 లక్షల 28 వేలు. ఈ పెరుగుదలలో ఎంత మనుషులు నడిచి వచ్చింది, ఎంత గీత జరిగి వచ్చింది అని విడదీయకుండా "జనం పెరిగిపోయారు" అనేస్తారు. నాకు ఆ మాట వింటే ఇప్పుడు కోపం వస్తోంది.

మాది అరకు దాటాక, గోరాపూర్‌కి ముందు, కొత్తవలస-కిరండూల్ పట్టాలు కనబడే ఊరు. చిన్నప్పుడు మా పెద్ద ఆట గూడ్సు డబ్బాలు లెక్కపెట్టడం. దిగువకి పోయేవి నిండుగా, ఎర్రగా, బరువుగా పోయేవి. ఎగువకి వచ్చేవి ఖాళీగా డబడబలాడుతూ వచ్చేవి. 1960లలో ఆ లైను వేసినప్పుడు మా తాత మట్టి మోశాడు. ఈ ఎర్రరాయి ఎక్కడికి పోతుంది తాతా అని అడిగితే "సముద్రంలోకి" అన్నాడు. అబద్ధం ఏమీ కాదు. ఆ లైను వేసిందే బైలదిల్లా ఇనుప ఖనిజాన్ని విశాఖ రేవు నుంచి జపాన్ పంపడానికి. తర్వాత స్టీల్ ప్లాంటుకీ అక్కడి ఖనిజమే ముఖ్యం అయింది, ఎందుకంటే ఇంత పెద్ద ప్లాంటుకి సొంత ఇనుప గని లేదు. బైలదిల్లా మన జిల్లా కాదు, మన రాష్ట్రం కూడా కాదు. కానీ అక్కడ ఉన్నది గోండులు, మాడియాలు, మన రక్తమే.

కరెంటు కూడా అంతే. మాచ్‌ఖండ్ 1955లో మొదలైంది. జలాపుట్ నీళ్ళ కింద ఊళ్ళు మునిగాయి, తీగలు విశాఖ వైపు వెళ్ళాయి. ముంచింగిపుట్టు అన్నలకి ఇది నేను చెప్పక్కర్లేదు. ప్లాంటుకి నీళ్ళు ఏలేరు రిజర్వాయర్ నుంచి, నూటయాభై కిలోమీటర్ల కాలవలో వస్తాయి. ఇనుము దిగింది, కరెంటు దిగింది, నీళ్ళు దిగాయి. ఆఖర్న మనం దిగాం. అదీ ఎప్పుడు దిగాం? పర్మనెంటు ఉద్యోగాలు అయిపోయాక.

ఇది నాకు అన్న వల్ల అర్థమైంది. అన్నకి ఐటీఐ ఫిట్టర్ సర్టిఫికెట్ ఉంది. మా ఓనరు కొడుకుదీ అదే ట్రేడ్. ఆయన 1980లలో చేరి, క్వార్టర్, క్యాంటీన్, హాస్పిటలు, పిల్లల బడి అన్నీ చూసి, రిటైరై ఇప్పుడు పెన్షన్ కాగితాల పనిమీద తిరుగుతున్నాడు. అన్న చేసే పని రెంచీ పట్టుకోవడమే, కానీ గేటు పాసు కాంట్రాక్టర్ పేరు మీద ఉంటుంది. కాంట్రాక్టర్ మారితే పాసు మారుతుంది. ఒక్కోసారి మారదు, ఆగిపోతుంది. అలా ఆగిపోయిన నెలల్లో నా జీతంతోనే గది అద్దె కట్టాం.

ఒకే పనికి ఇద్దరి బతుకులు ఇంత తేడా ఎందుకు? మధ్యలో 1991 ఉంది. ఆ ఏడాది జూలై 24న కొత్త పారిశ్రామిక విధానం, మన్మోహన్ సింగ్ బడ్జెట్ ఒకే రోజు వచ్చాయి. లైసెన్సులు ఎత్తేశారు, ప్రభుత్వ రంగానికి వదిలిన పరిశ్రమలు తగ్గించారు, విదేశీ పెట్టుబడికి తలుపు తెరిచారు. తర్వాత ఏడాది 1992 ఆగస్టు 1న అదే ప్రభుత్వం నడిపిన పి.వి. నరసింహారావు గారే వచ్చి విశాఖ స్టీల్ ప్లాంటుని జాతికి అంకితం చేశారు. పాతకాలపు చివరి పెద్ద ఇల్లు గృహప్రవేశం, కొత్తకాలం మొదలైపోయాక జరిగింది. నాకు ఇది భలే చిత్రంగా అనిపిస్తుంది.

ఆ తర్వాత కూడా ఫ్యాక్టరీలు ఆగలేదు, నిజం చెప్పాలి. దువ్వాడలో 1989లోనే పెట్టిన ఎగుమతుల జోన్ తర్వాత ఎస్ఈజడ్ అయింది. పరవాడలో ఎన్‌టీపీసీ, ఫార్మాసిటీ వచ్చాయి. గంగవరం పోర్టు వచ్చింది, అచ్యుతాపురంలో బట్టల ఫ్యాక్టరీలు వచ్చాయి. మింది జింకు ఫ్యాక్టరీ మాత్రం 2002లో ప్రైవేటుకి పోయింది, 2012లో మూతపడింది. పని పెరిగింది. పనితో పాటు వచ్చేవి తగ్గిపోయాయి. ముందు తరానికి ఫ్యాక్టరీ ఉద్యోగం అంటే ఇల్లు, డాక్టరు, బడి కలిపి. మాకు ఫ్యాక్టరీ అంటే కూలి మాత్రమే, మిగతావన్నీ సందుల్లో అద్దెకి కొనుక్కోవాలి. ఉక్కునగరం లోపల చెట్లు, వెడల్పు రోడ్లు. ఇవతల మా సందుల్లో ఆటో కూడా తిరగదు. రెండూ పట్నమే. ఒకటి సంస్కరణలకి ముందు కట్టిన పట్నం, ఒకటి తర్వాత కట్టుకున్నది.

స్టీల్ ప్లాంటుని నూటికి నూరు శాతం అమ్మాలని 2021 జనవరి 27న కేంద్ర కేబినెట్ కమిటీ సూత్రప్రాయంగా ఒప్పుకుంది. ఫిబ్రవరి నుంచి మా కూర్మన్నపాలెం జంక్షన్లో టెంటు వేసి రిలే దీక్షలు మొదలుపెట్టారు. నేను వచ్చేసరికే ఆ టెంటు పాతబడింది. రోజూ దాని ముందు నుంచే డ్యూటీకి పోయేదాన్ని. 2025 జనవరిలో 11,440 కోట్ల ప్యాకేజీ ప్రకటించారు. మొదట్లో ఆ నినాదం వింటే నాకు చురుక్కుమనేది. ఆంధ్రుల హక్కు సరే, రాయి తవ్విన కొండల హక్కు ఏదీ అని. ఇప్పుడు కూడా అనిపిస్తుంది. కానీ ఒక లెక్క వేసుకున్నాను. కేంద్ర ప్రభుత్వ రంగ సంస్థల్లో అఖిల భారత నియామకాల్లో ఎస్టీలకి 7.5 శాతం. అది ప్రైవేటు అయిన రోజు ఆ శాతం సున్నా. కాంట్రాక్టర్‌కి రోస్టర్ లేదు. మనకి చదువు వచ్చేసరికి ఆ మెట్టు తీసేస్తున్నారు. అందుకే టెంటు ముందు నుంచి పోతూ నేను కూడా ఒకట్రెండు సార్లు కూర్చున్నాను.

ఇక పుట్టుకల సంగతి. జనం ఎక్కువ కని పట్నాల మీద పడుతున్నారు అని ఇంకా అనేవాళ్ళు ఉన్నారు. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 1992-93లో ఉమ్మడి ఆంధ్రలో ఒక తల్లికి సగటున 2.6 మంది పిల్లలు. 2019-21కి మన రాష్ట్రంలో 1.7. తరానికి తరం భర్తీ కావాలంటే 2.1 ఉండాలి. అంటే రాష్ట్రం ఎప్పుడో తగ్గుముఖం పట్టింది. ఇద్దరికంటే ఎక్కువ పిల్లలుంటే పంచాయతీకి పోటీ చేయకూడదని 1994లో చట్టం పెట్టినవాళ్ళం. 2024 నవంబర్‌లో అదే అసెంబ్లీ ఆ రూలు ఎత్తేసింది, ఇప్పుడు కనండి కనండి అంటున్నారు. పుట్టుకలు తగ్గుతూ ఉంటే పట్నం ఎలా పెరుగుతోంది మరి? మైదానం ఊళ్ళల్లో కుర్రాళ్ళు తగ్గారు, ఉన్నవాళ్ళు చదువుకుని హైదరాబాద్, బెంగళూరు, అమెరికా పోయారు. వాళ్ళు ఖాళీ చేసిన బరువు పనులకి మనుషులు కావాలి. మా పక్క గదిలో జార్ఖండ్ వాళ్ళు ఆరుగురు, ఎదురు మేడ మీద ఒడిశా వాళ్ళు. వాళ్ళలో ఇద్దరు సంతాలులు, ఒకడు మా ఆదివాసీ ఒడియాలో మాట్లాడితే గుర్తుపట్టి నవ్వాడు. ఎక్కడ ఇంకా కుర్రాళ్ళు ఉన్నారో అక్కడి నుంచి పట్నం లాక్కుంటుంది. ఇప్పుడు లాగుతున్నది కొండల్ని.

లాగి ఏం చేస్తుందో కూడా చెప్తాను. మా అమ్మకి ఐదుగురం పుట్టాం, ముగ్గురం దక్కాం. వదినకి ఒక్కడే, ఇక చాలు అంటోంది. ఎందుకు వదినా అంటే గది గోడలు చూపించింది. "ఇంకోడు పుడితే ఏడ పడుకోబెడతాం, నీ పుస్తకాల మీదా?" అంది. పది అడుగుల గది ముందు ఏ ప్రభుత్వం మాట నిలబడుతుంది?

2020 మార్చిలో లాక్‌డౌన్ పెట్టినప్పుడు నేను ఊళ్ళోనే ఉన్నాను. అన్నకి అప్పటికి పెళ్ళి కాలేదు, ఇదే సందులో నలుగురితో ఉండేవాడు. ఏప్రిల్‌లో బియ్యం అయిపోతే బయల్దేరాడు. శృంగవరపుకోట దాకా కూరగాయల వ్యాను, అక్కణ్ణుంచి ఘాట్ రోడ్డు నడక. త్యాడ, అనంతగిరి మీదుగా రాత్రంతా నడిచి వచ్చాడు. ఊరివాళ్ళు వాకబు చేసి పధ్నాలుగు రోజులు పాకలో పెట్టారు. అమ్మ దూరం నుంచి జావ కుండ పెట్టి వచ్చేది. అదే నెల 22న సుప్రీంకోర్టు జీవో నంబర్ 3 కొట్టేసింది. ఏజెన్సీ బళ్ళల్లో టీచర్ పోస్టులన్నీ స్థానిక గిరిజనులకే అని 2000లో ఇచ్చిన జీవో అది, ఈ గ్రూపులో తెలియనివాళ్ళు ఉండరు. అన్న పాకలో పడుకుని ఫోన్లో వార్త చదివి వినిపించాడు. నేను వాకిట్లో నిలబడి విన్నాను. అతను పట్నం నుంచి ఎక్కి వచ్చిన నెలలోనే నేను పట్నం దిగాలని ఖాయమైంది, అప్పుడు తెలియలేదు అంతే.

అదే కరోనా వల్ల 2021 జనాభా లెక్కలు ఆగిపోయాయి. మనల్ని ఆఖరిసారి లెక్కపెట్టింది 2011లో. అప్పటి లెక్కలో దేశంలో నూటికి 31 మంది పట్నాల్లో ఉంటే, ఎస్టీల్లో నూటికి 10 మందే. స్వాతంత్ర్యం వచ్చాక మొదటిసారి ఆ పదేళ్ళలో పల్లెల్లో కంటే పట్నాల్లో ఎక్కువ మంది పెరిగారు. ఇంకో సంగతి చూడండి. మున్సిపాలిటీ లేకపోయినా 5,000 జనం దాటి, చదరపు కిలోమీటరుకి 400 మంది ఉండి, మగవాళ్ళలో నూటికి 75 మంది సేద్యం కాని పనులు చేస్తే జనగణన వాళ్ళు దాన్ని పట్నంగా రాస్తారు. అలాంటివి 2001లో 1,362, 2011లో 3,894. పల్లె పడుకుని లేచేసరికి పట్నం. ఆడవాళ్ళు ఏ పని చేస్తున్నారో ఆ లెక్కలోకి రాదు, అది వేరే పోస్టు రాయాలి.

మన కొండల మీద ఇది ఇంకో రకం. పాడేరు 2022 ఏప్రిల్‌లో అల్లూరి జిల్లాకి కేంద్రం అయింది. కలెక్టరేటు, లాడ్జీలు, మెడికల్ కాలేజీ, ట్రాఫిక్ జామ్ అన్నీ వచ్చాయి. అయినా పంచాయతీయే. షెడ్యూల్డ్ ప్రాంతంలో మున్సిపాలిటీ చట్టం వర్తించాలంటే పార్లమెంటు వేరుగా చట్టం చేయాలి. 2001లో బిల్లు పెట్టారు, పాసవ్వలేదు. పట్నం అయితే బాగుండును అనేవాళ్ళని నేను చూశాను, అయితే 1/70 ఏమవుతుందో అని భయపడేవాళ్ళనీ చూశాను. నేను రెండోవాళ్ళ వైపు. 1997 సమతా తీర్పు బొర్రా పక్కన నిమ్మలపాడు గనుల మీద వచ్చింది, ఆ ఊరు మాకు దూరం కాదు. చట్టం ఉండబట్టే ఇవాళ అమ్మకి వెళ్ళడానికి భూమి ఉంది. నాకు లాక్‌డౌన్ వస్తే ఎక్కడానికి ఊరు ఉంది. మా ఓనరుకి అది లేదు.

జిల్లాలు విడగొట్టడంతో మరో తమాషా జరిగింది. ఒకప్పుడు అరకు, గాజువాక రెండూ విశాఖ జిల్లాయే. ఇప్పుడు విశాఖ జిల్లా అంటే దాదాపు పట్నమే, కొండలు వేరే జిల్లా. ఇనుము ఆ పట్టాల మీదే దిగుతోంది. మనం దిగితే మాత్రం పరాయి జిల్లా నుంచి వచ్చిన వలసవాళ్ళం.

ఇంతకీ నా పేరు. జనగణన రూలు సూటిగా ఉంటుంది: మామూలుగా ఎక్కడ ఉంటున్నావో అక్కడే రాస్తారు, పుట్టిన ఊరు వేరే గడి. 2027 మార్చి 1 నాటికి నేను ఉండేది ఇక్కడ. రూలు ప్రకారం నా ఫ్రెండ్ నన్ను రాయకూడదు. కానీ ఫిబ్రవరి అంటే మా ఊళ్ళో పంటలైపోయి సగం ఇళ్ళవాళ్ళు పనులకి దిగే కాలం. అందర్నీ ఇలాగే ఒగ్గేస్తే ఊరు సగమే కనబడుతుంది. బడి, అంగన్‌వాడీ, రోడ్డు అడిగితే మీరు ఇంతమందే కదా అంటారు.

ఆ లెక్క మీదే నియోజకవర్గాల పునర్విభజన కూడా జరగబోతోంది. పిల్లల్ని తక్కువ కన్న దక్షిణాదికి సీట్లు తగ్గుతాయని మన రాష్ట్ర నాయకులు గోల పెడుతున్నారు. న్యాయమైన గోలే. మనకీ అలాంటిదే ఉంది, దాన్ని ఎవరూ గోల పెట్టరు. ఇప్పుడు అసెంబ్లీలో ఎస్టీ సీట్లు 7, లోక్‌సభకి అరకు. రాష్ట్రంలో ఎస్టీలు ఎంతమందో దాన్నిబట్టి సీట్లు ఎన్నో తేలుస్తారు, కాబట్టి నేను గాజువాకలో ఎస్టీగా లెక్కకి వస్తే రాష్ట్రం మొత్తంలో తగ్గను. కానీ ఎస్టీగా రావాలి కదా. ఇక్కడికి వచ్చే ఎన్యూమరేటర్ కొండదొర అంటే దొరా అని నవ్వితే? వదిన పరిస్థితి ఇంకా కష్టం. తను వాల్మీకి. ఎస్టీ జాబితాలో వాల్మీకి పేరు పక్కన షెడ్యూల్డ్ ప్రాంతాలు అని షరతు ఉంది, గౌడులకీ ఏజెన్సీ అని ఉంది. వదిన కొండ దిగింది, ఆ షరతు దిగలేదు. మా రేకుల గదిలో ఒక మంచం మీద ఉన్నవాళ్ళం రెండు గడుల్లో పడతామేమో అని నాకు బెంగ. జాబితా కాగితం ప్రింట్ తీయించి తలుపు వెనక అంటించాను. మీలో వాల్మీకి, గౌడు వాళ్ళు దిగువన ఉంటే ఇప్పుడే ఎమ్మార్వో ఆఫీసులో కాగితాలు చూసుకోండి.

పట్నంలో లెక్కకి రాకపోతే ఏమవుతుందో చైనాలో చూశారు. అక్కడ హుకౌ అని పుట్టిన ఊరి రిజిస్ట్రేషన్ మనిషిని పట్టుకుని ఉంటుంది. 1978లో సంస్కరణలు మొదలైనప్పుడు అక్కడ నూటికి 18 మంది పట్నాల్లో ఉంటే 2020కి 64 మంది అయ్యారు. కోట్లమంది పల్లెవాళ్ళు పట్నాలు కట్టారు, కానీ హుకౌ ఊళ్ళో ఉండటంతో పిల్లల బడికీ వైద్యానికీ ఊరికే పొమ్మన్నారు. మనకి అలాంటి చట్టం లేదు. కానీ మేనల్లుణ్ణి అంగన్‌వాడీకి తీసుకెళ్తే ఆధార్ అడ్రస్ ఊరిదని తిప్పి పంపారు. చట్టం లేకుండానే అయిపోతుంది మన దగ్గర.

అమ్మకి ఫోన్ చేసి అడిగాను. నన్ను ఊళ్ళోనే రాయించమంటుందని అనుకున్నాను. అమ్మ కాసేపు ఆలోచించి, "మన కోళ్ళు పగలంతా ఎవరి దొడ్లో తిరిగినా, సందేళ ఏ గూట్లోకి దూరితే ఆ గూటికే లెక్క" అంది. కొంచెం ఆగి, "అలాగని ఇల్లు మర్సిపోకు" అంది. నాకు గొంతు పట్టేసింది, సిగ్నల్ లేదని చెప్పి పెట్టేశాను.

సరే, కూర్మన్నపాలెంలోనే రాయించుకుందాం అనుకున్నాను. ఫ్రెండ్‌కి ఒగ్గీ అని చెప్పేశాను. ఆ సంగతి మెట్ల మీద ఓనరుకి చెప్తే మొహం మారిపోయింది. మేడ మీద మూడు గదులు ప్లాను లేకుండా వేసినవి. ఇంతమంది ఉన్నారని రాస్తే ఇంటి పన్ను పెంచుతారని ఆయన భయం. ఆ కాగితాలకీ పన్నుకీ సంబంధం లేదు, అవి రహస్యంగా ఉంచుతారు తాతా అని ఎంత చెప్పినా వినలేదు. "నాను సూసుకుంటానులే, కింద మావే రాయించేస్తాను. మీరు పైన తలుపేసుకోండి" అన్నాడు. ఊరు పోగొట్టుకున్న మనిషి కాబట్టి సర్కారు కాగితం అంటేనే ఆయనకి దడ. కోపం తెచ్చుకోలేకపోయాను.

అంటే వాళ్ళు వచ్చే పూట నేనే ఇంట్లో ఉండాలి, కిందికి దిగి నా నోటితో నేనే చెప్పాలి. అన్నకి, వదినకి కుదరదు. అందుకని ఫిబ్రవరిలో ఆ మూడు వారాలూ నాకు రెండో షిఫ్టు వేయమని సూపర్‌వైజర్‌ని ఇప్పుడే అడిగాను, పొద్దున్నపూట ఇంట్లో ఉండొచ్చని. ఆయన రిజిస్టర్ లోంచి తల ఎత్తకుండానే, "ఫిబ్రవరికి నువ్వు ఇక్కడ ఉంటావో లేదో, అప్పుడు చూద్దాంలేమ్మా" అన్నాడు.